పెరట్లో రెండు ఈదులు

“ఇయ్యాల నువ్వు మీటింగుకు రావద్దు,” అంది ఐలమ్మ.

ఆమె భర్త ఐలయ్య గడప మీద కూర్చుని, చెట్టెక్కే మోకును ఒళ్లో పెట్టుకుని, దాని పురులు వేళ్లతో సవరిస్తున్నాడు. పొద్దుటి నుంచీ అదే పని. పక్కన పెట్టిన జొన్న గట్క చల్లారి గడ్డకట్టింది.

“నీకే చెప్పేది. ఇనవడ్తలేదా?”

“ఇనవడ్తంది.”

“మరి?”

“వస్త. వచ్చి నా కొడుకుకు చెప్త. వనం లేదురా, ఎండిపోయిందిరా అని నా నోటితోని చెప్త.”

వంటింట్లో బియ్యం చెరుగుతున్న కోడలు సృజన చేతులు ఆగిపోయాయి. ఈ మాట ఆ ఇంట్లో బుధవారం నుంచి లోలోపలే తిరుగుతోంది. గడప దాకా రావడం ఇవాళే.

బుధవారం నాడు ఆమె భర్త రాజేందర్ మస్కట్ నుంచి ఫోన్ చేశాడు. వాగొడ్డున కల్లుగీసే గౌండ్ల సంఘానికి ఉన్న ఈదులవనంలో, ఆ ఈతచెట్ల తోపులో, ముందటి సగం కొట్టేసి ఫంక్షన్ హాల్ కట్టాలని గల్ఫులో ఉన్న ఊరివాళ్లందరూ అనుకున్నారట. శుక్రవారం మీటింగులో సంఘం ఒప్పుకుంటే తను ఉద్యోగం వదిలి వచ్చేస్తాడట. హాలు తనే చూసుకుంటాడట. “వస్త” అన్నాడు. ఏడేళ్లలో ఆ నోట ఇంత గట్టిగా ఆ మాట రావడం అదే మొదలు. సృజన ఆ రాత్రి నుంచి ఆ ఒక్క మాటనే తలకింద పెట్టుకుని పడుకుంటోంది.

చిక్కల్లా ఒకటే. ముందటి సగం కొట్టాలంటే వెనకటి సగం ఉండాలి కదా.

ఏడేళ్ల కింద, కరోనాకు ముందు రాజేందర్ వచ్చి పోయినప్పుడు వనం పట్టపగలు కూడా చీకటిగా ఉండేది. ఆ తర్వాత ఇసుక ట్రాక్టర్లు వాగును తవ్వుకుపోయాయి. నీళ్లు లోతుకు దిగాయి. ఈదులు ఒక్కొక్కటే తలలు వాల్చాయి. ఒక ఎండాకాలం గడ్డికి నిప్పంటుకుని మిగిలినవీ పోయాయి. ఇప్పుడక్కడ నల్లటి మొద్దులు, సర్కారు తుమ్మ తప్ప ఏమీ లేవు.

ఈ సంగతి గల్ఫు దేశం పోయినవాళ్లలో ఒక్కరికీ తెలియదు. దేశం పోయినోనికి చెడ్డమాట చెప్పొద్దన్నది బండమీదిపల్లెలో ఎవరూ రాయని చట్టం. వాడక్కడ ఒంటరిగా ఉంటాడు, విని ఏం చేస్తాడు, అదే ఆలోచనలో పడి పని మీద కాలు జారితే ఆ పాపం ఎవరిది? అందుకని ఆ ఊళ్లో జ్వరాలు తగ్గాకే వస్తాయి. ఎప్పుడో చచ్చిపోయిన బర్రెలు ఫోన్లో ఇంకా పాలిస్తూనే ఉంటాయి.

సృజనకు కూడా ఫోన్ కోసం ఒక జాగా ఉంది. పెరట్లో నీళ్ల గోలెం పక్కన, వెనకాల రెండు ఈదులు కనపడేటట్టు. స్నానాల నీళ్లు తాగి బతికిన చెట్లవి. రాజేందర్ వాటిని చూసి తృప్తిపడేవాడు.

“వనం మంచిగున్నదా?”

“ఉన్నది.”

“బాపు పోతుండా?”

“పొద్దుగాల్నే పోయిండు.”

ఇందులో రెండో జవాబు అబద్ధం కాదు. ఐలయ్య తెల్లారగానే మోకు భుజానేసుకుని వాగువైపు పోతూనే ఉన్నాడు. పోయి ఏం చేస్తాడో రాజేందర్ అడగలేదు, సృజన చెప్పలేదు. అతనూ ఎప్పుడూ ఒకే చోట కూర్చుని మాట్లాడేవాడు. వెనకాల ఒక నీలం పరదా. ఆ పరదా మీది పువ్వులు కూడా ఆమెకు కంఠతా వచ్చేశాయి.

“ఏడేండ్లకు వస్త అన్నడు,” అంటోంది ఐలమ్మ. గొంతు తగ్గించింది గానీ పట్టు తగ్గించలేదు. “నీ నోటితోని నువ్వే వద్దంటవా?”

“అబద్ధం మీదికి రమ్మంటవా?”

“రానియ్యి ముందుగాల. వచ్చినంక చూస్తడు. చూసి తిడ్తడు. తిట్టనియ్యి. ఇంట్ల ఉండి తిడ్తడు గద.”

ఐలయ్య మోకు మీంచి చేతులు తీశాడు. నిజం చెప్పాలంటే సృజన మనసు అత్త వైపే ఉంది. తిట్టనీ, గిన్నెలు విసిరేయనీ, వారం రోజులు మాట్లాడకపోనీ. ఆ మాట్లాడకపోవడం ఈ ఇంట్లో ఉండి మాట్లాడకపోవాలి.

“నువ్వేమంటవు బిడ్డా?” అన్నాడు ఐలయ్య, వంటింటి వైపు తిరగకుండానే.

సృజన చాట పక్కన పెట్టింది.

“అన్నం తినుండ్రి మామా,” అంది.

అది జవాబు కాదని ముగ్గురికీ తెలుసు.

*

గౌండ్ల సంఘం మీటింగు ఒకప్పుడు ఆదివారం జరిగేది. సగం మంది సభ్యులు గల్ఫు పట్టాక శుక్రవారానికి మారింది. వాళ్లకు సెలవు ఆ రోజే. రేకుల షెడ్డులో మగవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. ఇంకో పక్క ఆడవాళ్లు, చేతుల్లో ఫోన్లతో. ఫోన్లో మొహం కనపడితే ఆ మనిషి హాజరు. ఫోన్ పైకెత్తితే చేయెత్తినట్టు. ఫోన్ పట్టుకున్న మనిషి మాత్రం మీటింగుకు వచ్చినట్టు కాదు.

“జలపతీ, లైన్ల ఉన్నవా?” అన్నాడు సంఘం పెద్ద నర్సన్న.

“ఉన్న పెద్దనాయినా,” అంది జలపతి భార్య సుశీల చేతిలోని ఫోను, షార్జా నుంచి.

“రాజేందర్?”

“ఉన్న,” అన్నాడు రాజేందర్. సృజన అరచేతిలో నీలం పరదా ముందు నవ్వుతున్నాడు. క్షవరం చేయించుకున్నాడు. చొక్కా ఇస్త్రీది. మీటింగు కోసమే తయారైనట్టున్నాడు. అది చూసి ఆమెకు అతని మీద జాలి వేసింది.

నర్సన్న గొంతు సవరించుకున్నాడు.

“మన పిల్లలు చెట్టెక్కరు. ఎక్కుమని మనం గూడ అంటలేం. కొందరు ఆటోలు నడుపుతుండ్రు, కొందరు సిరిసిల్ల పోయి బట్టలు నేసే సాంచాలు నడుపుతుండ్రు, కొందరు దేశం పోయిండ్రు. మరి మన కులానికి మిగిలిన గీ జాగ ఏం కావాలె? మనం ఉన్నప్పుడే అనుకుంటే మంచిది.”

“మల్ల ఈత మొక్కలు పెడ్దాం,” అన్నాడు ఎల్లన్న. ఒకప్పటి గీత కార్మికుడు, ఇప్పుడు రుద్రంగికి ఆటో నడుపుతాడు.

“పెడ్తవు. ఎక్కేదెవ్వరు? గా మోకాళ్లతోని నువ్వెక్కుతవా?” అన్నారు ఎవరో.

అందరూ నవ్వారు. ఎల్లన్న కూడా మోకాళ్లు రాసుకుంటూ నవ్వాడు.

“ఎక్కుడు తర్వాత. ముందుగాల నీళ్ల సంగతి అనుకోవాలె,” అంది సుశీల. “వాగు అంత లోతుకు పోయినంక మొక్క ఎట్ల…”

“సుశీలా, ఫోన్ జర దగ్గర పట్టు బిడ్డా,” అన్నాడు నర్సన్న గబగబా. “జలపతి మాట ఇనవడ్తలేదు.”

జలపతి అసలు నోరే తెరవలేదు. సుశీల ఫోన్ దగ్గరగా పట్టుకుని ఊరుకుంది.

అప్పుడు రాజేందర్ మొదలుపెట్టాడు.

“నేను చెప్త పెద్దనాయినా. హాలు మొఖం వాగు దిక్కుండాలె. ముందటి సగమే కొడ్దాం. వెనకటి సగం అట్లనే ఉంచుదాం. పెండ్లికి వచ్చినోళ్లు హాల్ల తింటరు, వనంల నీడకు కూసుంటరు. కోరుట్లలో ఉన్నయి హాల్లు, చెట్టు లేదు, పుట్ట లేదు. మనది చూడాలంటే జగిత్యాల కాన్నుంచి రావాలె.”

“చెట్ల నడుమ లైట్లు పెడ్దాం అన్నా,” అంది సుశీల చేతిలోని జలపతి గొంతు.

“పెడ్దాం. వాగొడ్డు పెద్దబండ కాడ మెట్లు కడ్దాం. ఎవలన్న పొద్దుమీకంగ అచ్చి కూసుంటరు.”

“కల్లు లొట్లు గట్టిన చెట్టొకటి ఉంచాలె. పిల్లలు చూస్తరు గద, తాతలు ఎట్ల ఎక్కిండ్రో,” అంది ఇంకో ఫోను.

ఒక్కొక్క ఫోనూ గొంతు కలిపింది. ఒకరు గేటు పెట్టారు. ఒకరు గేటు పక్కన మల్లెతీగ పాకించారు. దుబాయి నుంచి ఒకతను వాగులో నీళ్లు పారించి, ఆ నీళ్లలో లైట్ల నీడలు పడేలా చేశాడు. రేకుల షెడ్డులో ఉక్కపోస్తోంది. అయినా కూర్చున్నవాళ్లంతా కదలకుండా వింటున్నారు. అది అబద్ధమని తెలిసినవాళ్లే వింటున్నారు. అంత బాగుంది ఆ ఊరు.

సృజన కూడా అందులోకి నడిచి పోయింది. సాయంత్రం పూట హాలు తలుపులు మూసి, తాళంచెవి చేతిలో తిప్పుకుంటూ రాజేందర్ పెద్దబండ మెట్లు దిగి వస్తున్నాడు. ఈదుల మట్టలు గాలికి గలగలమంటున్నాయి. ఎక్కడో పులిసిన కల్లు వాసన. ఆమె అతని పక్కన నడుస్తోంది. ఫోన్ పట్టుకోవలసిన పని లేక చేతులు రెండూ ఊరికే ఉన్నాయి. ఊరికే ఉన్న ఆ చేతులను చూసి ఆమెకు కళ్లు చెమర్చాయి.

“ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం,” అని ఎవరో వెనక నుంచి గొణిగారు. ఎవరూ నవ్వలేదు.

“బాపు వచ్చిండా?” అన్నాడు రాజేందర్.

సృజన తల తిప్పింది. షెడ్డు చివర గుంజకు ఆనుకుని ఐలయ్య నిలబడి ఉన్నాడు. మోకు భుజాన ఉంది. ఐలమ్మ వద్దన్నా వచ్చాడు.

“బాపూ, వనం కొడుతున్నమని కోపానికి వచ్చినవా? వెనకటి సగం నీదే. ఎవ్వడు ముట్టడు. నీ చెట్లు నీకుంటయి.”

అందరూ ఐలయ్య వైపు చూశారు. ఆయన నోరు తెరిచాడు. పొద్దుటి నుంచి మోకు సవరిస్తూ కూడబెట్టుకున్న మాట గొంతు దాకా వచ్చినట్టే కనపడింది. రాజేందర్ ఫోన్లో నవ్వుతూ ఎదురుచూస్తున్నాడు. ఐలయ్య నోరు మూసుకున్నాడు. గుంజ పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చున్నాడు.

“సరే కొడుకా,” అన్నాడు.

నర్సన్న ఎవరి కళ్లలోకీ చూడకుండా అన్నాడు, “ఇగ అందరు ఒప్పుకున్నట్టేనా? ఫోన్లు ఎత్తుండ్రి.”

ఒకటి లేచింది. పక్కన ఇంకొకటి. సుశీల నిట్టూర్చి తనదీ ఎత్తింది. సృజన చెయ్యి ఒక్కటే ఒళ్లో ఉండిపోయింది. ఎత్తితే అతను వస్తాడు. అంతే పని.

ఆమె ఆ రాకను కూడా చూసింది. రాజేందర్ ఎప్పుడు వచ్చినా బస్సు దిగి ముందు ఇంటికి రాడు. సంచి భుజానేసుకుని అడ్డదారిన వనానికి పోతాడు. తండ్రి ఎక్కిన చెట్టు కింద నిలబడి పైకి చూసి, “బాపూ, వచ్చిన” అంటాడు. ఆ తర్వాతే ఇల్లు. ఈసారి ఆ అడ్డదారి చివర ఏముందో ఆమెకు తెలుసు. అత్త అన్నట్టు అతను తిడితే బాగుండును. అతను తిట్టడు. ఆ మొద్దుల మధ్య సంచి దించకుండా నిలబడిపోతాడు. అప్పుడు పక్కన ఎవరూ ఉండరు.

సృజన లేచి నిలబడింది.

“ఏడికి బిడ్డా? ఓటు అయిపోనియ్యి,” అన్నాడు నర్సన్న.

“చూపిచ్చి వస్త పెద్దమామా. చూసినంక ఎత్తుమంటే ఎత్తుత.”

“సృజనా,” అంది ఐలమ్మ ఆడవాళ్ల మధ్య నుంచి. ఆ ఒక్క పిలుపులో బతిమాలడమంతా ఉంది. సృజన వినపడనట్టు షెడ్డు దాటింది.

*

బయట ఎండ మెత్తబడింది. వాగు దారిలో దుమ్ము మీద లేత పసుపు వెలుగు పడుతోంది. సృజన నడుస్తూనే బొటనవేలితో ఫోన్ కెమెరా తిప్పింది.

“ఏమాయె? నీ మొఖం పోయింది,” అన్నాడు రాజేందర్.

“నా మొఖం రోజు చూస్తనే ఉన్నవు. ఇగ ఇది చూడు.”

వెనక అడుగుల చప్పుడు వినపడింది. సుశీల వస్తోంది, జలపతి ఫోన్ ముందుకు తిప్పి పట్టుకుని. ఆమె వెనక ఇంకో ఇద్దరు. తర్వాత ఆడవాళ్లందరూ. అన్ని ఫోన్లూ బయటి వైపు చూస్తున్నాయి. గల్ఫు నుంచి వచ్చిన మనుషులంతా ఆ దారిన కాళ్లు లేకుండా నడుస్తున్నట్టుంది.

వాగొడ్డు ఎక్కి సృజన ఆగింది.

“గిదేం జాగ?” రాజేందర్ నవ్వాడు. “తొవ్వ తప్పినవా ఏంది? వనం చూపియ్యి.”

“గిదే.”

“ఏది?”

సృజన ఫోన్‌ను నెమ్మదిగా ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పింది. నల్లటి మొద్దులు. తుమ్మ కంప. అడుగంటిన వాగులో ట్రాక్టర్ల చాళ్లు. ఆకాశం మాత్రం చాలా ఉంది. ఇదివరకు ఇక్కడ ఇంత ఆకాశం కనపడేది కాదు.

“పెద్దబండ చూపియ్యి,” అన్నాడు. గొంతులో నవ్వు పోయింది.

చూపించింది. లొట్లు దించి పెట్టిన మచ్చలు ఆ రాతి మీద ఇంకా ఉన్నాయి. ఆ బండను అతను ఎట్లాగూ గుర్తుపట్టకుండా ఉండలేడు.

“అన్నా,” అంటోంది సుశీల చేతిలో జలపతి గొంతు. “రాజన్నా, చూస్తున్నవానే?”

ఎక్కడో మస్కట్‌లో, షార్జాలో, దుబాయిలో గదుల చప్పుళ్లు మాత్రం సన్నగా వినపడుతున్నాయి. ఎవరో పళ్లెం కడుగుతున్నారు. ఎవరో దగ్గుతున్నారు.

మగవాళ్లు కూడా ఒక్కొక్కరే వచ్చి ఒడ్డు మీద నిలబడ్డారు. నర్సన్న అందరి కంటే వెనక వచ్చాడు. చాలాసేపు అటూ ఇటూ చూసి, “మీటింగు ముందుగాలనే ఈడ పెట్టాల్సిండె,” అన్నాడు.

“ఇప్పుడన్న అందరు చూస్తుండ్రు గద,” అంది సుశీల. “నీళ్ల సంగతి మాట్లాడుదామా?”

ఈసారి ఎవరూ ఆమెను ఫోన్ దగ్గర పట్టమనలేదు. “చెప్పు బిడ్డా,” అన్నాడు నర్సన్న. సుశీల వాగు వైపు చెయ్యి చాపింది. ఒడ్డుకు ఎక్కడ అడ్డం వేస్తే నీళ్లు ఆగుతాయో, ఇళ్ల వాడకం నీళ్లు ఇటు మళ్లిస్తే ముందు ఏ మూల మొక్కలు బతుకుతాయో చెబుతోంది. “సృజనోళ్ల పెరట్ల రెండు ఈదులు ఎట్ల బతికినయి మరి?” అని ఎల్లన్న అందుకున్నాడు. “ఎక్కేటోడు లేకపోతే మానె. చెట్టన్న ఉంటది.”

సృజన ఆ మాటలు వింటూనే ఉంది గానీ ఆమె ప్రాణమంతా అరచేతిలోనే ఉంది.

“నాకెందుకు చెప్పలే?” అన్నాడు రాజేందర్ చివరికి.

“నువ్వు ఆడ పరేషాన్ అయితవని.”

“పరేషాన్ అయితనని,” అన్నాడు అతను. తర్వాత మెల్లగా అడిగాడు. “మరి బాపు రోజు ఏ చెట్టెక్కుతుండు?”

సృజన పక్కగా ఒక నీడ వచ్చి ఆగింది. ఐలయ్య. బుధవారం నుంచి కొడుకు ఫోన్ వస్తే పెరట్లోకి పోని మనిషి, ఇప్పుడు ఫోన్‌కు మొహం దగ్గరగా పెట్టాడు.

“ఎక్కుతలేను కొడుకా,” అన్నాడు. “పొద్దుగాల వచ్చి గీ బండ మీద కూసుంటున్న. ఎండ ఎక్కినంక ఇంటికి పోతున్న. బాపు పోయిండా అని నువ్వు అడుగుతవు గద. పోలేదని కోడలు ఎట్ల చెప్పాలె?”

“మంచిది బాపూ,” అన్నాడు రాజేందర్. “నేను ఈడ మంచిగనే ఉన్న. మీరు రంధి పెట్టుకోకుండ్రి. అంత మంచిగనే ఉన్నది.”

అడగని ప్రశ్నకు జవాబు చెప్పాడు. సృజన చప్పున తలెత్తింది. ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. పెరట్లో రెండు ఈదుల ముందు నిలబడి, వనం మంచిగున్నదా అంటే ఉన్నది అని చెప్పిన గొంతు అది. తన గొంతే.

ఆమె కెమెరా మళ్లీ తన వైపు తిప్పుకుంది. తెర మీద అతను, అతని వెనక నీలం పరదా, దాని మీద పువ్వులు. ఏడేళ్లుగా అవే పువ్వులు.

“నీ ఫోన్ గూడ ఒకపారి తిప్పు,” అంది.

“ఏంది?”

“నేను తిప్పిన గద. నువ్వు గూడ తిప్పు. నీ వెనక గా పరదా తీసి చూపియ్యి.”

“ఏమున్నది చూసేతందుకు? రూమే గద.”

“రూమే చూపియ్యి.”

అతను నవ్వబోయాడు, కుదరలేదు. ఇస్త్రీ చొక్కా కాలర్ సర్దుకున్నాడు. వెనకాల సుశీల గొంతు, నర్సన్న గొంతు, వాగు మీద కట్టబోయే అడ్డం గురించి వాదులాట దూరంగా వినపడుతున్నాయి. సృజన ఆ మొద్దుల మధ్యే కింద కూర్చుంది.

చాలాసేపటికి రాజేందర్ అన్నాడు.

“చూపిస్త. బాపును జర పక్కకు పొమ్మను.”

ఆ మాట ఐలయ్యకు వినపడింది. ఆయన పక్కకు పోలేదు. భుజాన ఉన్న మోకు తీసి నల్ల మొద్దు మీద పెట్టాడు. తువ్వాల కొసతో కళ్లద్దాలు తుడుచుకుని, కోడలి పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

“తిప్పు కొడుకా,” అన్నాడు.